చలి సముద్రంలో సొరచేప వేట

స్కాట్లాండ్ ఉత్తరపు కొసకూ ఆర్క్నీ దీవులకూ నడుమ పెంట్లండ్ ఫర్త్ అనే జలసంధి ఉంది. ఆటుపోట్ల వడి అక్కడ మహా జోరు. చలికాలపు గాలి ఆ వడికి ఎదురు తిరిగిందంటే కెరటాలు నిట్టనిలువుగా లేస్తాయి. ఆ నీళ్లలోనే 1993 మార్చిలో 230 కిలోల పోర్‌బీగిల్ సొరచేప గాలానికి చిక్కి ప్రపంచ రికార్డుకెక్కింది.

అంత చలి నీటిలోనూ పోర్‌బీగిల్ చురుగ్గా ఎలా ఈదగలుగుతుంది? ఈదేటప్పుడు కండరాల్లో పుట్టే వేడిని రక్తనాళాల అల్లిక బయటికి పోనివ్వదు. అందుకే దాని ఒళ్లు చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చగా ఉంటుంది.

అద్దె బోటులో సొర వేటకు వెళ్లేవారు నూనె చేపల్ని నుజ్జు చేసి, సంచిలో కట్టి బోటు పక్కన వేలాడదీస్తారు. అల తగిలినప్పుడల్లా జిడ్డు నీటి మీద బారుగా సాగుతుంది. ఆ వాసన పట్టుకుని సొర వస్తుంది. పళ్లతో కొరికేయకుండా గాలానికి ఉక్కు తీగ కడతారు.

పోర్‌బీగిల్ కాన్పుకు సాధారణంగా నాలుగు పిల్లల్నే పెడుతుంది. మితిమీరిన వేటతో దాని సంఖ్య బాగా తగ్గిపోయింది. చిక్కిన సొరను ఫొటో కోసం పైకి లాగితే నీటి ఆసరా పోయి, సొంత బరువుకే లోపలి అవయవాలు నలుగుతాయి. కనుక నీటిలో ఉండగానే గాలం తీసి వదలాలి. ఇక కెరటాల తీరు చూసి సరంగు వద్దన్న రోజున రేవు దాటకూడదు. మన ప్రాణమూ ముఖ్యమే, సొర ప్రాణమూ ముఖ్యమే.