లేజరు యంత్రమునకు దారి చూపు ఎఱ్ఱదీపము



హైదరాబాదులో హుస్సేను సాగరపు కట్ట దిగువను లోయర్ ట్యాంక్ బండ్ అను పేట కలదు. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలములో ఆ కట్ట వేసిరి. మీకు చెఱువు క్రింద పొలములుండును, మాకు వీథులున్నవి. చిక్కడపల్లికి పోవు సందులో నాకొక చిన్న అంగడి యున్నది. కఱ్ఱపలకలపై పేళ్లు చెక్కుట నా వృత్తి. ఉలితో కాదు, లేజరు యంత్రముతో.

లేజరనగా చెదరిపోక ఒక్క దారినే పోవు వెలుతురు. మా యంత్రములో గాజుగొట్టమునందు బొగ్గుపులుసు వాయువు నుంచి, దానిలోనికి విద్యుత్తును పంపి, ఆ వెలుతురు పుట్టింతురు. ఈ రకపు లేజరును 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినది మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన చంద్రకుమార్ పటేలు గారు. ఈ కిరణము కఱ్ఱను కాల్చును గాని కంటికి కానరాదు. అది ఎచ్చట పడునో ముందుగా తెలిసికొనుటకై, చిటికెనవ్రేలి కణుపంత గొట్టములో ఇమిడిన ఎఱ్ఱదీపము నొకదానిని యంత్రపు తలకు తగిలింతురు. దాని చుక్క పడినచోటనే కిరణమును పడవలెను. ఈ దీపమునకు విద్యుత్తు నిచ్చుటయే నేడు నేను చెప్పదలచిన సంగతి.

కొన్నేండ్ల క్రిందట ఒక పల్లెనుండి వృద్ధు లొకరు టేకుపలక తెచ్చిరి. “నాయనా, ఇది మా పాతయింటి తలుపు చెక్క. మా తండ్రిగారి పేరు చెక్కుము. ఆయన ఊరి గ్రంథాలయమునకిచ్చిన గదికి కట్టుకొందుము,” అనిరి.

ఆ ఉదయమే నేను క్రొత్త దీపమును బిగించితిని. యంత్రపు విద్యుత్పేటికలో 24 వోల్టుల మొనయు, 5 వోల్టుల మొనయు ప్రక్కప్రక్కనే యుండెను. దీపమునకు కావలసినది 5. తొందరలో 24 తగిలించితిని. నాఱుమడికి తూమునీరు చాలునుగదా, నేను కట్టకే గండి కొట్టితిని. దీపము ఒక్కసారి మెఱసి ఆరిపోయెను. అంతటితో పని ఆపవలసినది. ఆపలేదు. కంటి అంచనాతో పలకనుంచి యంత్రమును నడిపితిని. మొదటి అక్షరము సగము అంచు దాటి పోయెను. ఆ పెద్దాయన నన్ను ఒక్కమాట యనలేదు. కాలిన అక్షరమును వ్రేలితో తడవుచు కూర్చుండిరి. తిట్టినను బాగుండెడిది.

మఱునాడు ఇంకొక దీపమును తెచ్చి, ఈసారి 5 వోల్టుల మొనకే కలిపితిని. వెలిగినది. అయినను తెలిసిన మిస్త్రీ యొకడు చూచి వలదనెను. యంత్రపు తల నిమిషమునకు ఎన్నిమారులో అటునిటు పరుగెత్తును. తీగ ఒరసికొని తోలూడినచో ఇనుపపెట్టెకు తగులును. కొన్ని దీపములకు పైతొడుగే ధనధ్రువముతో కలిసియుండును గనుక తొడుగు తగిలినను ప్రమాదమే. అప్పుడు ఆ 5 వోల్టుల పైననే ఆధారపడిన యంత్రపు మెదడు గూడ దీపముతోపాటు ఆగును. చిన్న దీపమునకై యంత్రమును పణము పెట్టుట యెందుకు? ఈ మాట నాకు నచ్చినది.

కావున దీపమునకు సెల్‌ఫోను చార్జరు వంటి ప్రత్యేకమైన 5 వోల్టుల అడాప్టరును, దానికొక స్విచ్చిని, చిన్న ఫ్యూజును అమర్చితిమి. ఎఱ్ఱతీగ ధనమునకు, నల్లతీగ ఋణమునకు. కలుపకముందు మీటరుతో కొలిచితిమి. తొడుగునకు ప్లాస్టిక్కు పట్టుక వేసితిమి. తీగలను గాజుగొట్టపు తీగకు దూరముగా నడిపితిమి. ఆ తీగలో పదివేల వోల్టులకు పైగా నుండును. యంత్రపు ప్లగ్గును గోడనుండి ఊడదీసి కొంతసేపు ఆగనిదే మూత తీయరాదు. ఆగినను ఆ తీగ జోలికి నేను పోను. మఱియొకటి: ఎఱ్ఱదీపము వెలిగినను ఆరినను అదృశ్యకిరణమునకు దానితో పనిలేదు. దీపము ఆరియున్నదిగదా యని మూత యెత్తి చేయిపెట్టరాదు. ఆ చిన్న చుక్కవైపు సూటిగా చూచుటయు కూడదు.

పిమ్మట అట్టముక్కపై కిరణముతో ఒక మచ్చ కాల్చి, చుక్క దానిపై పడువఱకు దీపమును త్రిప్పి బిగించితిమి. దీపము ఏటవాలుగా నుండును గనుక పలక మందము మాఱినచో చుక్క ప్రక్కకు జరుగును. పలకను పైకి క్రిందికి సరిచేసి ఆ యెత్తు నెప్పటివలె నుంచవలెను. చాలమంది మఱచునది ఇదియే.

వారము గడచిన తరువాత ఆ పెద్దాయనకు కబురంపి, పలకను వెనుకకు త్రిప్పి యుంచితిని. చుక్కను నాలుగు మూలలకు నడిపి, పేరు పట్టు మేరనంతయు చూపితిని. ఆయన కంటిఅద్దములు సవరించుకొని, వంగి, మఱియొకమాఱు నడిపింపుమనిరి. నడిపితిని.

“ఇక కానిమ్ము,” అనిరి.