పెద్దజాతి కుక్కపిల్ల మేపు
(పేట్ బషీరాబాదున పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగము)



పాడిని గూర్చియు, పంటను గూర్చియు మీతో ఎన్నోమారులు ముచ్చటించియున్నాము. నేడు కుక్కపిల్ల మేపును గూర్చి చెప్పబూనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. అయినను, ఈ పేట్ బషీరాబాదునుండి మేడ్చలు త్రోవన గాని శామీరుపేట వైపున గాని పోయి చూడుడు. ఒకనాడు ద్రాక్షతోటలకు పేరుగన్న ఆ నేలపై నేడు ప్రహరీలు కట్టిన తోటయిండ్లు, కోళ్లఫారములు, గిడ్డంగులు లేచినవి. వాని కావలికై గ్రేట్ డేన్, రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ వంటి పెద్దజాతుల పిల్లలను కొని తెచ్చుచున్నారు. ఈ వాడుక మీ గ్రామములకును వచ్చుచున్నది. కాళ్లు వంకరపోయిన కుక్కను యజమాని ఏ రాత్రివేళనో ఊరిచివర విడిచిపోయినచో దాని బాధ్యత పంచాయతీపైనే పడును. కావుననే ఈ మాట మీతో చెప్పవలసివచ్చినది.

కొంతకాలము క్రిందట మేము శామీరుపేట దాపున ఒక కోళ్లఫారమునకు పోయియుంటిమి. అచ్చట ఐదు నెలల గ్రేట్ డేన్ పిల్ల మమ్ము చూచి లేవబోయి, లేవలేక చతికిలబడినది. ముందుకాళ్లు విల్లువలె వంగి, మణికట్లు ఉబ్బియుండెను. "ఏం తక్కువ చేసినం సార్ దీనికి?" అని రైతు వాపోయెను. పూటపూటకు పాలు, కడుపు పట్టినంత కోడిమాంసము, సంచులలో అమ్మెడు కుక్కల మేత, ఇవి చాలవన్నట్లు రోజుకు రెండుమారులు కాల్షియం మందు. ఆయన తక్కువ చేయలేదు. ఎక్కువ చేసెను.

గ్రేట్ డేన్ పిల్ల పుట్టినపుడు సుమారు అరకిలో తూగును. ఏడాదిన్నర లోపల ఏబది కిలోలు దాటును. అనగా నూరింతలు! మనుష్యుని బిడ్డ ఇరువదేండ్లకును ఇరువదింతలు పెరుగుటయే గొప్ప. ఎముకల చివరల మెత్తని భాగము కలదు. ఎముక పొడవు సాగునది అచ్చటనే. పెద్దజాతులలో అది గట్టిపడుటకు ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు పట్టును, కొన్నింట ఇంకను ఆలస్యమగును. ఈ లోపల పిల్లను క్రొవ్వబెట్టినచో, పచ్చిగోడపై దూలమెత్తినట్లు, లేత కీళ్లపై మోయరాని బరువు పడును.

కాల్షియం సంగతి మరియు విచిత్రము. ఎదిగిన కుక్క తనకు అక్కరలేని కాల్షియమును చాలవరకు ప్రేగులలోనే విడిచిపెట్టగలదు. ఆరు నెలల లోపు పిల్లకు ఆ శక్తి చాలదు. పెట్టినదెల్ల ఒంటబట్టి ఎముకల ఎదుగుదలను చెరచును. హాలెండులోని ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయమువారు 1980వ దశకమున గ్రేట్ డేన్ పిల్లలపైననే పరిశోధించి దీనిని తేటపరచిరి. సంచి మేతలో, అందును పెద్దజాతి పిల్లలకని వ్రాసియున్న మేతలో, కావలసిన కాల్షియము చేరియే యుండును. దానిపైన మందు పోయరాదు.

అయితే మందు మానుమంటిమని అన్నము, మాంసములతోనే పెంచువారు మరియొక గోతిలో పడుదురు. ఎముక లేని మాంసములో భాస్వరము మెండు, కాల్షియము అత్యల్పము. అట్టి మేపుతో శరీరము తన యెముకలలోని కాల్షియమునే తోడుకొనును, ఎముకలు పలుచనై విరుగును. ఇంట వండిపెట్టువారు దేనిని ఎంత చేర్చవలయునో పశువైద్యుని అడిగి కొలత తీసికొనుడు. ఆ కొలతను ఇరుగుపొరుగువారి మాటపై మార్చకుడు.

"కడుపు మాడ్చి పెంచమందురా?" అని మీరడుగవచ్చును. మాడ్చుట కాదు. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండవదానికన్న నాలుగవ వంతు తక్కువ మేత పెట్టి, బ్రతికినన్నాళ్లు గమనించిరి. తక్కువ తిన్నవానికి తుంటికీలు జబ్బు చాల తగ్గినట్లు 1992లో ప్రకటించిరి. 2002లో వెల్లడియైనది ఇంకను గొప్పది: తక్కువ తిన్నవాని నడిమి ఆయువు 13 ఏండ్లు, ఎక్కువ తిన్నవానిది 11.2 ఏండ్లు.

ఇంతకును గుర్తేమి? పిల్ల ప్రక్కలపై అరచేయి ఉంచుడు. ప్రక్కటెముకలు నొక్కకయే చేతికి తగులవలయును, కంటికి మాత్రము పొడుచుకొని కనబడరాదు. పైనుండి చూచినపుడు నడుము సన్నగిలియుండవలయును. నాలుగు నెలల వరకు రోజుకు మూడు నాలుగు మారులు, ఆరు నెలల పిమ్మట రెండు మారులు, కొలిచిన గిన్నెతోనే పెట్టుడు. వారమునకొకమారు పిల్లను ఎత్తుకొని కాటా ఎక్కి, మీ బరువు తీసివేసినచో దాని బరువు తేలును. నున్నని బండలపై ఉరికించుట, మెట్లు దూకించుట, మోటారుసైకిలు వెంట పరుగెత్తించుట ఎముక ముదురు వరకు తగవు. ద్రాక్షతోట గలవారికి వేరొక మాట: ద్రాక్షపండ్లును, ఎండుద్రాక్షయు కుక్క మూత్రపిండములను చెరుపగలవు. రాలినవి తిననీయకుడు.

కుంటుట, లేచుటకు వెనుదీయుట, మణికట్టు ఉబ్బుట కనబడిన వెంటనే పశువైద్యశాలకు తీసికొనిపోవలయును. మూడవ నెలలో రేబిస్ టీకా, పిమ్మట ఏటేట తప్పనిది. కుక్కను ఆకలిదప్పులకు విడిచిపోవుట 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టము క్రింద నేరము. ఊరికి పెద్దజాతి పిల్ల వచ్చినదని తెలిసిననాడే ఆ యింటికి పోయి ఈ మాటలు చెప్పుడు. విడిచిపోయిన పిదప చట్టము చూపుటకన్న అది తేలిక.

ఆ కోళ్లఫారపు పిల్ల యేమైనదని అడుగుదురేమో. వైద్యుడు మందు మాన్పించి, మేత తగ్గించి, కొన్నాళ్లు కట్టుదిట్టముగా విశ్రాంతి యిప్పించెను. మేము మరల పోవునప్పటికి గేటుకడకు నడచివచ్చి మొరిగినది. ఎడమ ముందుకాలు మాత్రము కొంచెము వంకరగనే మిగిలిపోయినది. రైతు దానిని విడిచిపెట్టలేదు.