సంతాన చికిత్స - భర్త ఆరోగ్యము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రహదారులను గూర్చియు, మంచినీటిని గూర్చియు మాటలాడుట నాకు అలవాటు. నేటి విషయము గడప లోపలిదని కొందరు భావింపవచ్చును. కాని బిడ్డలు కలుగలేదని కోడలిని పుట్టింటికి పంపిన తగవు మీ రచ్చబండకు వచ్చుచున్నది. తీర్పు చెప్పువారు మీరే గనుక మీతోనే చెప్పుచున్నాను.

ఏడాది కాపురము చేసినను గర్భము రానిచో దంపతులు ఉభయులును డాక్టరును చూడవలెను. సంతానలేమి గల జంటలలో సుమారు సగము మందియందు, ఒంటరిగానో భార్య లోపముతో కలిసియో, భర్త లోపము గూడ కారణమగుచున్నది. అయినను భార్యను పది ఆసుపత్రులు త్రిప్పిన పిమ్మటగాని భర్త వీర్య పరీక్షకు ఒప్పుకొనడు. ఆ పరీక్షలో సూదిపోటైనను లేదు!

లోగడ ఒక గ్రామమున ఒక రైతు ధైర్యము చేసి పరీక్ష చేయించుకొనెను. కణములు బహు తక్కువని వచ్చెను. అతడా కాగితమును భార్యకు గూడ చూపక చూరులో దోపెను. ఊరు మాత్రము ఆమెనే గొడ్రాలనెను. కొన్నాళ్లకు వేరొక డాక్టరు, "పరీక్షకు ముందు జబ్బు చేసెనా?" అని యడిగెను. నెల క్రిందట డెంగీ జ్వరముతో మంచము పట్టెనట! మూడు నెలలు గడచిన తరువాత మరల పరీక్షింపగా లెక్క మామూలునకు వచ్చెను. బిడ్డ కలిగెనా యని మీరడుగుదురు. భార్యకు చికిత్స ఇప్పుడే మొదలైనది.

దీనికి కారణము వినుడు. వీర్యకణము తయారగుటకు రమారమి 70 రోజులు పట్టును. వృషణములు శరీరము కంటె 2 నుండి 4 డిగ్రీల తక్కువ వేడిలో పనిచేయును. టైఫాయిడు, మలేరియా వంటి తీవ్ర జ్వరము వచ్చినచో, రోగి లేచి పొలమునకు పోయిన తరువాత గూడ రెండు మూడు నెలలు కణముల సంఖ్యయు, చలనమును తగ్గియుండవచ్చును. అప్పటి కాగితమును నమ్ముట వరద తీసిన మరునాడు పొలమును చూచి ఇది పండదని వ్రాసినట్లు. కావున ఇటీవలి జ్వరమును డాక్టరుకు తప్పక చెప్పవలెను. భార్యకు ఖరీదైన సూదిమందులు మొదలిడక మునుపే చెప్పవలెను.

తక్కిన జబ్బులును కలవు. మధుమేహము ముదిరి నరములు దెబ్బతిన్నచో వీర్యము వెలికి రాక మూత్రాశయములోనికి పోవచ్చును, దానికి ఉపాయములున్నవి. యుక్తవయస్సు దాటినవారికి గవదబిళ్లలు వచ్చినచో కొందరికి వృషణములు వాచును. క్షయ వీర్యనాళములను మూయవచ్చును. క్యాన్సరు చికిత్స పొందబోవు యువకుడు ముందుగానే వీర్యమును శీతలీకరించి భద్రపరచుకొనవచ్చును. బలమునకని పురుష హార్మోను సూదులు పొడిపించుకొనువారు వినవలెను: ఆ మందు వీర్యకణముల ఉత్పత్తినే ఆపివేయగలదు. అయితే డాక్టరు వ్రాసిన మందును ఎవరును తమంత తాము మానరాదు.

పరీక్షకు ముందు 2 నుండి 7 రోజులు భార్యాభర్తలు ఎడముగా నుండవలెను. ఒక్క పరీక్షతో తేల్చక రెండవదియు చేయించవలెను. పరీక్షనాళికా పద్ధతి వరకు పోవలసివచ్చినచో, 2021 నాటి చట్టము ననుసరించి రిజిస్టరైన కేంద్రమా కాదా యని అడిగి, ఆ పత్రమును చూచిన తరువాతనే సొమ్ము కట్టవలెను.