సాక్షి మాట, రికార్డు మాట

  

నేను పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేరిన కొత్తలో ఒక సెషన్స్ కేసు వచ్చింది. కూలి పనికెళ్లే ఒకావిడ బోనెక్కి, తల దించుకుని, "నన్ను పాడు చేశాడయ్యా" అంది. ఆ మాటకు అర్థం ఏమిటో హాల్లో ఉన్న అందరికీ తెలుసు. రికార్డు మాత్రం ఇంగ్లీషులో తయారవుతోంది. అందులో "అబ్యూజ్డ్ మీ" అని పడింది. మన కోర్టుల్లో అబ్యూజ్ అంటే తిట్టడం. నేను ఆ కాగితం చదవలేదు. తర్వాతి కేసు కట్ట విప్పుకుంటూ ఉన్నాను. డాక్టరు సాక్ష్యం బలహీనం, ఆవిడ మాటే మాకు ఆధారం. వాదనల రోజున అవతలి లాయరు ఆ ఒక్క పదం పట్టుకున్నారు. ముద్దాయి బయటపడ్డాడు. వరండాలో ఆవిడ నా దగ్గరికొచ్చి, "వాడు తిట్టాడని నేనెప్పుడన్నానమ్మా?" అని అడిగింది.

చాలా ఏళ్ల తర్వాత రువాండా ట్రిబ్యునల్ తీర్పు ఒకటి చదువుతుంటే ఆవిడ గొంతు మళ్లీ వినిపించింది.

1994లో రువాండాలో మూడు నెలల్లో టుట్సీ జాతివాళ్లను లక్షలాదిగా చంపారు. ఆ నవంబరులో భద్రతా మండలి ఒక ట్రిబ్యునల్ పెట్టింది. అది టాంజానియాలోని అరూషాలో కూర్చుంది. అక్కడ నిలబడిన ముద్దాయిల్లో ఒకడు జాన్ పాల్ అకాయేసు. టాబా అనే కమ్యూన్‌కు మేయరు, అంతకు ముందు బడిపంతులు. మొదట్లో హత్యలను అడ్డుకున్నాడు కూడా. ఏప్రిల్ 18 తర్వాత మారిపోయాడు. టాబాలో కనీసం 2,000 మంది టుట్సీలు చనిపోయారని కోర్టు తేల్చింది.

విచారణ 1997 జనవరిలో మొదలైంది. అభియోగ పత్రంలో హత్యలున్నాయి, హింస ఉంది. అత్యాచారం ఊసే లేదు. సాక్షి జె అని మాత్రమే రికార్డుకెక్కిన ఒక తల్లి, ఇంకేదో చెబుతూ చెబుతూ, తన ఆరేళ్ల కూతురి మీద ముగ్గురు అత్యాచారం చేశారని చెప్పింది. బెంచి ఆ మాటను దాటిపోనివ్వలేదు. ఆగి, మళ్లీ అడిగింది. కమ్యూన్ ఆఫీసు దగ్గర కూడా ఆడపిల్లలకు అదే జరిగిందని విన్నానంది ఆ తల్లి. మార్చిలో మరో సాక్షి తన మీదే జరిగిందని చెప్పింది. జూన్‌లో ప్రాసిక్యూషన్ అభియోగాలను సవరించుకుంది. ఆ బెంచి మీద ముగ్గురు. సెనెగల్ నుంచి లైతీ కామా, స్వీడన్ నుంచి ఆస్పెగ్రెన్, దక్షిణాఫ్రికా నుంచి నవనీతం పిళ్లై. ఆవిడ డర్బన్‌లోని తమిళ కుటుంబంలో పుట్టిన బస్సు డ్రైవరు కూతురు.

1998 సెప్టెంబరు 2న తీర్పొచ్చింది. ఒక అంతర్జాతీయ కోర్టు జాతి నిర్మూలన నేరానికి శిక్షార్హుడని తేల్చిన మొదటి మనిషి అకాయేసు. ఒక జాతిని తుడిచిపెట్టాలన్న ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా జాతి నిర్మూలనే అవుతుందని మొదటిసారి పలికింది కూడా ఆ తీర్పే. 15 అభియోగాల్లో తొమ్మిదింట దోషి అన్నారు, ఆరింటిని కొట్టేశారు. ఆ ఆరు కూడా గుర్తుంచుకోండి. అంతటి ఘోరం ముందు కూడా రుజువు కానిదాన్ని రుజువు కాలేదనే రాశారు.

అందరూ చెప్పుకునేది ఇంతవరకే. నన్ను పట్టి కూర్చోబెట్టిన పేజీలు వేరు. సాక్షులు కిన్యార్వాండా భాషలో మాట్లాడతారు. దాన్ని ఫ్రెంచిలోకి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి మార్చాలి. ఆడవాళ్లు సిగ్గుతో, దుఃఖంతో ఆ నేరానికి నాలుగు రకాల మాటలు వాడారు. ఒకటి 'గుఫాతా కు న్గుఫు', అంటే బలవంతంగా పట్టుకోవడం. మరొకటి 'కుర్యామానా', కలిసి పడుకోవడం. ఆ మాటలన్నిటినీ అత్యాచారం అని అనువదించడం సరైనదేనా అని న్యాయమూర్తులు దుబాసీలను అడిగి, ఒక్కో మాటా విప్పి చూసి, సరేననుకుని, అదంతా తీర్పులోనే రాశారు. కళ్లారా చూశారా, ఎవరైనా చెబితే విన్నారా అని సాక్షులను విడమరిచి అడిగారు. నేను ఆ రోజు చెయ్యనిది అదే.

ఈ రోజు లా పట్టాలు అందుకున్న మీతో ఇప్పుడు కాస్త కోపంగా మాట్లాడతాను. మీలో చాలామంది మూట్ కోర్టుల్లో కప్పులు గెలిచారు, హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు వెళ్తామంటున్నారు. వెళ్లండి నాయనా, ఆ కోర్టును ఏర్పరిచిన రోమ్ శాసనం మీద మన దేశం సంతకం చెయ్యకపోయినా మీరు వెళ్లండి. ముందు ఒకటి చెప్పండి. 'చెయ్యి చేసుకున్నాడు', 'చెయ్యి పట్టుకున్నాడు' అన్న రెండు మాటలనూ ఇప్పటికిప్పుడు ఇంగ్లీషులో రాయగలరా? నిరుడు ఇదే ఊళ్లో అయిదుగురు జూనియర్లను అడిగాను. నలుగురు తప్పు రాశారు. పట్టా చేతికొచ్చింది గదా అని అమ్మ మాట మరిచిపోతే ఎట్లా తల్లీ?

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 278వ సెక్షన్ తీసి చూడండి. ఆ నిబంధన దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలోనూ ఉంది. సాక్ష్యం అయిపోయాక రికార్డును సాక్షికి చదివి వినిపించాలి, అది తెలియని భాషలో ఉంటే అర్థమయ్యేలా చెప్పాలి. చాలాచోట్ల సంతకం పెట్టించుకుని పంపేస్తారు. రేపు మీ మొదటి సాక్షి బోను దిగబోయే ముందు లేచి నిలబడి, తెలుగులో చదివి వినిపించమని అడగండి. టైము లేదంటారు. ఫరవాలేదు, కూర్చోకండి.