నిరాశ గడియలో రక్షణ



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తండాల్లో నిరాశ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరు ఎండుతుంది, మిత్తి పెరుగుతుంది, ఇంటికి తాళం వేసి వలస పోతాం. కొందరు పురుగుమందు డబ్బా వైపు చూస్తారు.

అటువంటి గడియ బైబిల్‌లోనూ ఉంది. ఫిలిప్పీలో భూకంపానికి చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల అధికారి కత్తి దూసి చావబోయాడు. అతని చేతిలోనే బందీగా ఉన్న పౌలు, ఎవరూ పోలేదని కేకవేసి ఆపాడు. రక్షణ దారి ఏమిటని అతడు వణుకుతూ అడిగింది ఆ తర్వాతే. పౌలు, సీల ప్రభువైన యేసును నమ్మమన్నారు. కానుక అడగలేదు, కులం అడగలేదు. ఆ రాత్రే అతడు వారి గాయాలు కడిగి, ఇంట్లో భోజనం పెట్టాడు.

మన ప్రాంతానికి కూడా మెనోనైట్ బ్రదరెన్ మిషన్ ద్వారా ఈ మాట సేవతో కలిసే వచ్చింది. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ రోగులకు వైద్యం చేస్తూ, 1945లో ఈ నేలమీదే కన్నుమూశారు.

నమ్మితే అప్పు తీరిపోతుందని మేము చెప్పం. అప్పు ఉన్నా దేవుడు మనల్ని విడువలేదని విశ్వసించడంతోనే మాకు రక్షణ మొదలైంది. కాబట్టి తండాలో ఎవరైనా మాట తగ్గించి ఒంటరిగా కూర్చుంటే, ముందు వాళ్ల గడప తొక్కుదాం. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు దూరం పెడదాం. మేమున్నామని మన గోర్ బోలిలోనే చెబుదాం. వాళ్లు అడిగినప్పుడు, మన విశ్వాసం సంగతీ చెబుదాం.