ఇంధన మార్పిడిలో కార్మికుడి మాట

బొగ్గు వాడకం తగ్గితే, దాన్ని తవ్వి బతికినవారి జీవనం ఎవరి బాధ్యత? వాతావరణ మార్పుపై కార్మిక సంఘాలు అన్నిటికన్నా ముందు అడిగేది ఇదే. అమెరికా చమురు, రసాయన కార్మికుల నాయకుడు టోనీ మజోకీ ఆలోచనల నుంచి ‘న్యాయమైన పరివర్తన’ అనే డిమాండు ఎదిగింది. 2015 నాటి పారిస్ ఒప్పందం పీఠికలో దానికి చోటు దక్కింది.

తెలంగాణలోని సింగరేణి బొగ్గు గనుల్లో ఇది ఇంటింటి ప్రశ్న. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని బొగ్గును నమ్ముకునే పెరిగాయి. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక బెల్లంపల్లి ఎలా కళ తప్పిందో కోల్‌బెల్ట్ అంతా చూసింది. ఓపెన్‌కాస్ట్‌లో మే నెల మధ్యాహ్నం పనిచేసే కార్మికుడికి ఎండలు ముదురుతున్నాయని ఎవరూ చెప్పనక్కర్లేదు. అతని భయమల్లా ఉపాధి గురించే.

ఆ భయానికి ఆధారం ఉంది. భూగర్భ గనిలో టింబర్‌మన్, హాలర్ ఆపరేటర్, ఫిట్టర్, సర్దార్, ఓవర్‌మన్ అంటూ మూడు షిఫ్టుల్లో వందలమందికి పని దొరుకుతుంది. సోలార్ ప్లాంటు కట్టడం పూర్తయ్యాక ప్యానెళ్లు కడగడానికి, కాపలాకు, మరమ్మతులకు కొద్దిమంది చాలు. పర్మినెంట్ గని కార్మికుడికి వేతన ఒప్పందం, క్వార్టరు, ఆసుపత్రి, లాభాల్లో వాటా, కారుణ్య నియామకం ఉన్నాయి. సంఘాలు పోరాడి సాధించిన ఈ హక్కులు సోలార్ ప్లాంటులోని కాంట్రాక్టు కూలీకి అందవు. అందుకే సంఘాలు కొత్త గనులనూ కోరుతున్నాయి. నాలుగు బొగ్గు బ్లాకులను వేలం వేయకుండా సింగరేణికే ఇవ్వాలంటూ 2021 డిసెంబరులో సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. అంతకు నెల ముందే గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల లక్ష్యాన్ని ప్రకటించింది.

ఉపాధి డిమాండుకూ ఉద్గారాల లక్ష్యానికీ పొత్తు కుదిరే దారి స్పెయిన్‌లో కనిపిస్తుంది. 2018లో అక్కడి ప్రభుత్వం గనుల మూసివేతపై సంఘాలతో ఒప్పందం కుదుర్చుకుంది. 48 ఏళ్లు దాటినవారికి ముందస్తు విరమణ, మిగతావారికి శిక్షణ, గని ప్రాంతాల్లో పర్యావరణ పునరుద్ధరణ పనులు అందులో భాగం. ఇందుకు 25 కోట్ల యూరోలు కేటాయించారు. గనులు మూతపడకముందే హామీలు కాగితం మీదికి వచ్చాయి కాబట్టే సంఘాలు సంతకం చేశాయి.

నేడు డిగ్రీ పట్టాలు అందుకుంటున్నవారిలో రేపు ఇంధన ప్రణాళికలు రాసే ఇంజనీర్లు, ఆర్థికవేత్తలు, అధికారులు ఉంటారు. ఇక్కడా అలాంటి హామీలు ముందే రావాలంటే, ప్రతి ప్రణాళికలోనూ మెగావాట్ల లెక్క పక్కనే ఉద్యోగాల లెక్క ఉండాలి. ఆ లెక్క తేల్చేచోట గని కార్మికుడికి కుర్చీ వేయడం ఈ పట్టభద్రుల కర్తవ్యం.