కనబడకపోవడం, చదువు రాకపోవడం ఒకటి కాదు
(అచ్యుతాపురంలో స్త్రీ సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇవాళ 'స్త్రీలు – చదువు' గురించి మాట్లాడమన్నారు. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఇక్కడి సెజ్‌లో పనిచేసే స్త్రీల జీవితాల మీద అధ్యయనం చేస్తూ ప్రశ్నపత్రం ట్యాబ్‌లో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒకామె ట్యాబ్‌ను ముఖం దగ్గరకు తెచ్చుకుని, కాస్త పక్కకు తిప్పి చూసి, తిరిగి నా చేతిలో పెట్టేసింది. "నాకు రాదు మేడమ్, మీరే రాసీసుకోండి" అంది. నేను 'నిరక్షరాస్యురాలు' అన్న గడిలో టిక్కు పెట్టాను. లేచి వస్తుంటే ఆమె గోడ మీది పెద్దక్షరాల క్యాలెండర్‌లో కూతురి టీకా తేదీ చూసి చదివింది. ఆశ్చర్యపోయి అడిగాను. "పది పాసయ్యాను మేడమ్. చదువు రాక కాదు, మీ అక్షరాలు కనబడక. కళ్లు కనబడవంటే పనిలోంచి తీసేస్తారని భయమేసి రాదనీసేను" అంది.

ఆ టిక్కు నాది. ట్యాబ్‌లో తెల్లటి తెర మీద లేత బూడిద రంగు చిన్నక్షరాలు పెట్టింది కూడా నేనే.

అద్దాలు పెట్టుకున్నా, వైద్యం చేయించుకున్నా పూర్తిగా సరికాని చూపును మందదృష్టి అంటాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని అంధత్వంతో కలపకుండా విడిగా నిర్వచించింది. అద్దాలతో కూడా మెరుగైన కంటి చూపు 6/18 నుంచి 3/60 లోపు ఉంటే మందదృష్టి. అంటే మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించే అక్షరం, ఆమెకు 6 మీటర్ల దగ్గరకు వస్తేగాని కనబడదు. కొందరికి దూరం కాదు, చూపు వెడల్పే తగ్గిపోతుంది. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది.

ఇందులో స్త్రీల సమస్య ఏముందని అడగవచ్చు. ఇంట్లో కళ్లద్దాలు మొదట ఎవరికి చేయిస్తారో, ఎవరివి 'వచ్చే నెలకు' వాయిదా పడతాయో మనందరికీ తెలుసు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఇప్పుడు జీతం చీటీ, పి.ఎఫ్., పొదుపు సంఘం లెక్క, బ్యాంకు నిల్వ అన్నీ తెర మీదకే వచ్చాయి. చదవలేని స్త్రీ ఫోను ఎవరి చేతికిస్తుంది? భర్తకో, కొడుక్కో, సూపర్‌వైజరుకో. ఫోనుతో పాటు ఓ.టి.పి. వెళుతుంది, ఓ.టి.పి.తో పాటు డబ్బు వెళుతుంది. హింస గురించి ఫిర్యాదు చేయాలనుకున్న స్త్రీ ఆ మెసేజ్ ఎవరి చేత చదివించుకోవాలి? ఏ మనిషి మీద ఫిర్యాదో ఆ మనిషి చేతనా?

మన లిపి సంగతి కూడా ఆలోచించాలి. 'కొత్త'కూ 'కోత'కూ తేడా ఎంత? ఒక చిన్న ఒత్తు, పైన ఒక చిన్న దీర్ఘం. ఒత్తు అసలు అక్షరం కంటే చిన్నది, వరుసల మధ్య ఇరుకులో పడి నలిగిపోతుంది. జీతం చీటీలో 'కోత'ను 'కొత్త'గా చదువుకునే స్త్రీకి ఆ ఒత్తు విలువ డబ్బు రూపంలోనే తెలుస్తుంది.

ఇది దయ చూపమని అడిగే విషయం కాదు. 2016 చట్టం 42వ సెక్షన్ సమాచార, సాంకేతిక మాధ్యమాలు అందుబాటులో ఉండేలా చూసే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. బ్యాంకు ఖాతాకు గుర్తింపు కావాలంటే కెమెరా ముందు కళ్లార్పమంటారు. యాసిడ్ దాడిలో ముఖం కాలిన స్త్రీ ఎలా ఆర్పగలదు? అలాంటి బాధితులూ, చూపు లేని వారూ వేసిన కేసుల్లో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి 20 ఆదేశాలిచ్చింది.

కొలతలు కూడా కొత్తగా కనిపెట్టనక్కరలేదు. అక్షరానికీ వెనక రంగుకూ వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలనీ, పెద్దక్షరాలకైతే 3:1 చాలనీ, అక్షరాన్ని రెట్టింపు చేసినా తెర మీది సమాచారం పోకూడదనీ అంతర్జాతీయ ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. తెలుగుకు వీటితో పాటు వరుసల మధ్య ఎడం, కాస్త లావు గీత కూడా కావాలి. అక్షరాలు పెంచుకుని చదివే మనిషికి ఒకసారికి తెరలో కొంత ముక్కే కనిపిస్తుంది. ఆమె వెతుక్కునేలోపు గడువు దాటిపోయే ఓ.టి.పి. కూడా అడ్డంకే.

ఇక మన ఇంటి సంగతి. మనం వాట్సాప్‌లో పంపే కరపత్రాలు ఎక్కువగా బొమ్మలే. పెద్దవి చేస్తే అలుక్కుపోతాయి, ఫోను వాటిని పైకి చదివి వినిపించడమూ కష్టమే. పాత అను ఫాంట్లలో కూర్చిన పాఠం యూనికోడ్‌లోకి మార్చకపోతే, చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. కాబట్టి కరపత్రంతో పాటు అదే విషయాన్ని యూనికోడ్‌లో టైపు చేసి పంపుదాం. సంఘం సమావేశంలో పది నిమిషాలు తీసుకుని ప్రతి స్త్రీ ఫోనులో అక్షరాల సైజు పెంచడం, తెరను భూతద్దంలా పెద్దది చేసుకోవడం నేర్పుదాం. కంప్యూటరులో అయితే విండోస్ మీటతో పాటు ప్లస్ మీట నొక్కితే చాలు. కొందరికి నల్లటి తెర మీద తెల్లక్షరాలు సుఖం, కొందరికి కాదు. ఏది కావాలో ఆమెనే అడుగుదాం. అయితే ఫోను సరిచేసి ఊరుకుంటే చాలదు. కంటి పరీక్షకూ తోడు వెళ్లాలి. చూపు తగ్గిందన్న కారణంతో పని పోకుండా యాజమాన్యంతో మాట్లాడే బాధ్యత కూడా సంఘానిదే.

నేను మళ్లీ ఆమె ఇంటికి వెళ్లాను. అక్షరాలు పెద్దవి చేసి, నల్లగా చేసి ట్యాబ్ ఇచ్చాను. ప్రశ్నలన్నీ తనే చదివి తనే నొక్కింది. మొదటిసారి నాతో చెప్పని జవాబులు ఆ రోజు ఇచ్చింది. జీతం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న అందులో ఒకటి. ఎదురుగా భర్త కూర్చునే ఉన్నాడు. ఆమె ఏం నొక్కిందో అతనికి తెలియలేదు.

నా ప్రశ్నపత్రంలో ఇప్పుడు 'మీకు చదువు వచ్చా?' అన్నదానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. 'ఈ అక్షరాలు మీకు కనబడుతున్నాయా?' మీరు కూడా మీ దరఖాస్తుల్లో, రిజిస్టర్లలో, సర్వేల్లో ముందుగా ఈ ప్రశ్న చేర్చండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.